నాలుగో తొట్టి నీళ్ళు

సెప్టెంబర్ 3

వదినకు,

ఈ ఉదయం మా షెడ్డు ముందు వాన నీళ్ళు నిలిచిన చోట ఒక బెరడు ముక్క తేలుతూ కనిపించింది. పని అయిపోయాక కుప్పలో పారేసిన ముక్కే. దాని చుట్టూ అరచేయంత మేర నీళ్ళు లేత పసుపు రంగుకి తిరిగాయి. కాసేపు నిలబడి చూశాను. వెనక సైకిలు బెల్లు మోగితే పక్కకి జరిగాను.

పోయిన ఉత్తరంలో నా ఉద్యోగం ఏమిటని అడిగారు. అన్నయ్యకి కూడా సరిగ్గా తెలియదని రాశారు. నేను చెప్పలేదు కాబట్టి తెలియదు.

ఒక చెట్టు బెరడుని ఎండబెట్టి, తరిగి మా దగ్గరికి పంపుతారు. అందులో జ్వరానికి వాడే చేదు మందు ఉంటుంది. స్పిరిట్లో నానబెట్టి ఆ మందుని బయటికి తీయడం మా షెడ్డు పని. ఎంత వచ్చిందో కొలవడం నా పని.

షెడ్డులో నాలుగు తొట్లు వరసగా ఉంటాయి. బెరడుని ఇనప బుట్టలో పెట్టి, గొలుసుతో ఎత్తి, ఒక తొట్టిలోంచి ఇంకో తొట్టిలోకి దించుతారు. ఒక్కో తొట్టిలో నానబెట్టి వార్చడాన్ని ఇక్కడ కడుగు అంటారు. మొదటి తొట్టికి వచ్చేసరికి బెరడు పొడిగా ఉంటుంది. అందుకని రెండు డ్రమ్ముల స్పిరిట్ పోస్తాం. ఒక డ్రమ్ము బెరడే తాగేస్తుంది, ఒక డ్రమ్ము బయటికి వస్తుంది. తర్వాతి మూడు తొట్లలో ఒక్కో డ్రమ్ము పోసి ఒక్కో డ్రమ్ము తీస్తాం. అంటే ప్రతి కడుగులోనూ సగం స్పిరిట్ బెరడులోనే ఉండిపోతుంది. దాంతోపాటు అప్పటికి మిగిలిన మందులో సగం కూడా ఉండిపోతుంది. ఎంత గట్టిగా పిండినా అంతే.

మాకు కొత్త మేనేజరు వచ్చారు. ఆయన ఇదివరకు మాత్రలు చేసే చోట పనిచేశారు. నాలుగు కడుగులు అవసరమా, మూడు చాలవా అని అడిగారు. పదిహేనో తేదీకల్లా లెక్క వేసి ఇవ్వమన్నారు. మూడు చాలు అని తేలితే నాలుగో తొట్టి మూసేస్తారు. ఆ తొట్టి చూసే ఆవిడని షెడ్డులో అందరూ అత్త అంటారు. తొట్టి మూస్తే ఆవిడకి ఇంకెక్కడా పని చూపించలేమని ముందే చెప్పారు.

నేను చేరిన రోజు నుంచి నా పక్కన కూర్చుని అన్నం తినేది అత్త ఒక్కతే. నిన్న నన్ను, "ఏమ్మా, మాటకింత అని జీతంలో కోస్తారా నీకు?" అని అడిగింది. నేను నవ్వాను. "నవ్వుకి కూడా కోస్తారేమో, జాగ్రత్త," అంది.

నా కొలతలు ఇవి. నూరు పాళ్ళ మందు ఉన్న బెరడు వేస్తే మొదటి తొట్టిలోంచి యాభై మూడు, రెండోదాంట్లోంచి ఇరవై ఏడు, మూడోదాంట్లోంచి పదమూడు, నాలుగోదాంట్లోంచి ఏడు వస్తున్నాయి.

మీరు లెక్కల టీచరు కదా. ఒకసారి సరిచూస్తారా. ఇక్కడ ఎవరినీ అడగలేకపోయాను.

మీ మరదలు

*

సెప్టెంబర్ 9

మరదలు పిల్లకి,

నీ ఉత్తరం వచ్చేసరికి నేను పరీక్ష పేపర్ల మధ్య కూరుకుపోయి ఉన్నాను. మీ అన్నయ్య గుమ్మంలోనే అందుకుని, "ఏం రాసింది?" అన్నారు. "రెండు పేజీలు రాసింది," అన్నాను. ఆయన నమ్మక, కాగితాలు అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు.

మీ ఇంట్లో మాటల పొదుపు ఎవరితో మొదలైందో నాకు తెలియాలి. పెళ్ళయిన కొత్తలో ఈయన "ఊ", "సరే", "చూద్దాం" అనే మూడు మాటలతో సంసారం నడిపేశారు. నీకు ఫోను చేస్తే ఆ మూడూ కూడా ఉండవు. నేను మాట్లాడుతూ మాట్లాడుతూ, లైను తెగిందేమో అని మధ్యలో నన్ను నేనే "హలో" అని పలకరించుకుంటాను. అందుకే ఉత్తరాలు రాయమన్నాను. చూశావా, ఎంత మంచి పని చేశానో.

ఇక లెక్క. యాభై మూడూ ఇరవై ఏడూ ఎనభై. పదమూడు కలిపితే తొంభై మూడు. ఏడు కలిపితే నూరు. నూటికి నూరు. మా పదో తరగతిలో ఒక్కరికీ రాలేదు, మీ బెరడుకి వచ్చింది.

నువ్వు చెప్పినట్టు ప్రతిసారీ సగమే వస్తే యాభై, ఇరవై ఐదు, పన్నెండున్నర, ఆరుంపావు రావాలి. నీకు అన్నిట్లోనూ కాస్త ఎక్కువే వచ్చింది. నీ హస్తవాసి అనుకో. కొలతల్లో ఆ మాత్రం అటూ ఇటూ ఉంటుందిలే. మొత్తం నూరుకి సరిపోయింది కదా, ఇంకేం కావాలి. నాలుగో తొట్టి ఏడు పాళ్ళు ఇస్తోంది, అది లేకపోతే ఏడు పోతాయి అని ధైర్యంగా రాసివ్వు. మీ అత్తని ఎవరూ కదిలించలేరు.

ఒక మాట అడగాలని ఎన్నాళ్ళగానో ఉంది. మా పెళ్ళి రోజు నువ్వు నాతో మాట్లాడింది ఒకే ఒక్క మాట. "కుర్చీ కావాలా?" అన్నావు. నేను మొహమాటానికి వద్దన్నాను. నువ్వు తల ఊపి వెళ్ళిపోయావు. తర్వాత రెండు గంటలు నిలబడ్డాను. ఆ రోజు నుంచీ, ఈ పిల్లకి నేను నచ్చలేదేమో అనుకుంటూనే ఉన్నాను. నచ్చకపోతే నచ్చలేదని చెప్పెయ్యి, ఏమీ అనుకోను. అబద్ధం, అనుకుంటాను. అయినా చెప్పు.

అక్టోబర్ మధ్యలో నాకు వారం సెలవులు. నీ దగ్గరికి వస్తాను. నీ తొట్లు చూపించు. నువ్వేం మాట్లాడక్కర్లేదు, నేను మాట్లాడతాను.

ఇంకొకటి, మీరు, మీరు అని రాయకు. హెడ్మాస్టరుకి సెలవు చీటీ రాసినట్టుంది.

నీ వదిన

*

సెప్టెంబర్ 17

వదినకు,

సోమవారం లెక్క ఇచ్చాను. మేనేజరు షెడ్డులోకి వచ్చి, అందరి ముందూ పైకి చదివారు.

"నూటికి నూరా? ఒక్క చుక్క కూడా వదల్లేదన్నమాట," అన్నారు. నిజంగానే సంతోషించారు. తర్వాత నాలుగో తొట్టి గొట్టం వెంట నడుచుకుంటూ వెళ్ళారు. ఆ గొట్టం మొదటి తొట్టి దగ్గర ఆగుతుంది. మిగతా మూడు తొట్ల గొట్టాలూ స్పిరిట్ని మరిగించి మందు మిగిల్చే గదికి పోతాయి.

"ఇదేంటి, ఇది మరిగించే గదికి పోదా?" అని మేస్త్రిని అడిగారు.

"పోదండీ. పల్చగా ఉంటుంది కదా. మర్నాడు వచ్చే పొడి బెరడు మీదే పోస్తాం. మొదటి తొట్టికి పోసే రెండు డ్రమ్ముల్లో ఒకటి ఇదే. నేను చేరినప్పటి నుంచీ అంతే."

"అంటే ఈ ఏడూ మన సరుకులోకి రాదు. మరిగించే గదికి పోయేది తొంభై మూడే. అది మొదటి మూడు తొట్లే ఇస్తున్నాయి. మరి ఈ నాలుగోది ఎందుకయ్యా, తీసింది తీసినట్టు తిరిగి పోసుకోడానికా?"

మేస్త్రి నవ్వాడు. మేనేజరు నావైపు చూశారు. ఏదైనా చెప్పాల్సింది. అడిగింది నన్ను కాదేమో అనుకున్నాను. నేను అలా అనుకుంటూ ఉండగానే ఆయన వెళ్ళిపోయారు.

మర్నాడే తొట్టి మూసేశారు. అత్త తన చేతి తొడుగులు ఉతికి గొలుసు మీద ఆరేసింది. "పోనీలే, నా మోకాళ్ళకి సెలవు దొరికింది," అంది మేస్త్రితో. నా దగ్గరికి వచ్చి, "నీ లెక్క చాలా బాగా వచ్చిందటగా, మేనేజరు మెచ్చుకున్నాడటగా," అంది. వెటకారం కాదు. నిజంగానే అంది.

నాలుగో తొట్టి నీళ్ళు మొదటి తొట్టికి వెళ్తాయని మీకు రాయలేదు. (స్పిరిటే, కానీ షెడ్డులో నీళ్ళు అంటాం.) ఇక్కడ అందరికీ తెలిసిన సంగతి కాబట్టి రాయాలని తోచలేదు. కాన్వెంటు స్కూల్లో సిస్టర్లు మాకు అడిగినదానికే జవాబు రాయాలని నేర్పారు. అడగనిది రాస్తే మార్కులు తీసేసేవారు. మీరు అడగలేదు.

ఎక్కడో తప్పు ఉంది వదినా. నాలుగో తొట్టి తీసేస్తే ఏమీ పోదని ఆయన చెప్పింది వింటే సరిగ్గానే ఉంది. కానీ రోజూ ఒక డ్రమ్ము తీసి పోసిన పని ఉత్తిదే అంటే నాకు నమ్మకం కలగడం లేదు. అది చెప్పడానికి నా దగ్గర అంకెలు లేవు. నా అంకెల వల్లే అత్త పని పోయింది. తప్పు దొరికితే మళ్ళీ పిలుస్తారని నా ఆశ.

సెలవులకి ఇప్పుడు రావద్దు. గది చిన్నది. ఇద్దరికి సరిపోదు.

మీ మరదలు

*

సెప్టెంబర్ 23

ఆడపడుచు గారికి,

"మీరు అడగలేదు" అన్నారు. నిజమే, అడగలేదు. బెరడుని స్పిరిట్లో ముంచేవాళ్ళు చివరి నీళ్ళు ఎక్కడ పోస్తారో నేనేమైనా కల కంటానా? మా పిల్లలు లెక్క తప్పు చేస్తే పేపరు నా ఎదుట ఉంటుంది. నువ్వు సగం పేపరు నీ దగ్గర దాచుకుని, మిగిలిన సగానికి నా చేత నూటికి నూరు వేయించావు.

సరే, తప్పు ఎక్కడుందో నాకు కనిపించింది. నాలుగో తొట్టిలోంచి వచ్చిన ఏడూ మర్నాడు మొదటి తొట్టిలో దూరుతోంది. అక్కణ్ణుంచి వచ్చేదాంట్లో మళ్ళీ లెక్కకి వస్తోంది. ఒకే పిల్లకి రెండు తరగతుల్లో హాజరు వేసినట్టు. కాబట్టి ఆ ఏడు కలపకూడదు. మీకు వస్తున్నది తొంభై మూడే.

అయితే అప్పుడు మీ మేనేజరు అన్నదాంట్లో తప్పేముందో నాకు తెలియలేదు. తొంభై మూడూ మొదటి మూడు తొట్లలోంచే వస్తోంది. నాలుగోది ఉన్నా అంతే, లేకపోయినా అంతే. ఆవిడ గురించి బాధగానే ఉంది. రెండు రోజులుగా అన్నం ముందు కూర్చుంటే గుర్తొస్తోంది. కానీ లెక్క లెక్కే.

గది చిన్నది అని రాశావు. నేనేం మంచం నెత్తిన పెట్టుకుని రానుగా. కింద దుప్పటి పరుచుకుని పడుకునేదాన్ని. నా గురకకి భయపడ్డావేమో, అది మీ అన్నయ్యది. మీ అన్నయ్య రైలు టికెట్టు కూడా తెచ్చారు. వాపసు ఇచ్చేయమన్నాను. "ఏదో కారణం ఉంటుందిలే," అన్నారు. "మీ ఇంట్లో కారణాలన్నీ పెట్టెలో పెట్టి తాళం వేసుకుంటారు కదా," అన్నాను. ఆయన "ఊ" అన్నారు.

కుర్చీ సంగతి అడిగాను. దానికీ జవాబు లేదు. అడిగినదానికి జవాబు రాయాలని మీ సిస్టర్లు నేర్పారన్నావు కదా.

ఇట్లు
మీ అన్నయ్య భార్య

*

సెప్టెంబర్ 24

వదినకు,

మీ జవాబు ఇంకా రాలేదు. మీకు పేపర్లు దిద్దే పని ఎక్కువగా ఉండి ఉంటుంది. రాయకపోయినా ఫరవాలేదు. ఈ లెక్క గురించి ఇక మిమ్మల్ని అడగను.

క్యాంటీనులో టీ గ్లాసులు మార్చారు. కొత్తవి పొట్టిగా ఉన్నాయి, చేయి కాలుతుంది.

మొదటి తొట్టి ఈ వారం యాభైకి పడిపోయింది. కొత్తగా వచ్చిన బెరడు మంచిది కాదని మేనేజరు అంటున్నారు. మేస్త్రి వాన తేమ అంటున్నాడు.

పెళ్ళి రోజు మీరు కుర్చీ వద్దన్నారు. అందుకే తేలేదు.

అన్నయ్య దగ్గు తగ్గిందా.

మీ మరదలు

*

అక్టోబర్ 1

మరదలా,

"ఇక మిమ్మల్ని అడగను" అన్న చోట నీ ఉత్తరం మడిచి అల్మరాలో పడేశాను. నా కోపపుటుత్తరానికి నువ్విచ్చిన జవాబు అనుకున్నాను. కుర్చీ ముక్క చదివాక అల్మరాకి తాళం కూడా వేశాను. మూడు రోజులు మీ అన్నయ్యతో మాట్లాడలేదు. ఆయనకి అది తెలిసిందో లేదో అనుమానమే.

నిన్న ఆయన ఏదో వెతుకుతూ అల్మరా తీసి, నీ ఉత్తరం చూసి, తేదీ చదివి, "ఇది నీ ఉత్తరం అందకముందు రాసింది కదా," అన్నారు. తర్వాత మంచం మీద కూర్చుని ఏకంగా పది వాక్యాలు మాట్లాడారు. నేను లేచి టీ పెట్టడం కూడా మర్చిపోయి విన్నాను. చిన్నప్పుడు నీకు జ్వరం వస్తే నువ్వు చెప్పేదానివి కాదట. పుస్తకం ఒకే పేజీ దగ్గర చాలాసేపు పట్టుకుని కూర్చుంటే మీ అమ్మ వచ్చి నుదురు ముట్టుకునేదట. "దానికి కోపం వస్తే ఉత్తరమే రాయదు," అన్నారు. "ఉత్తరం వచ్చిందంటే కోపం లేనట్టే."

అప్పుడు మళ్ళీ మొదటి నుంచి చదివాను. మొదటి తొట్టి యాభైకి పడిపోయింది అని రాశావు. కింద అన్నయ్య దగ్గు తగ్గిందా అని రాశావు. మధ్యలో కుర్చీ. ఇంత పెద్ద సంగతిని టీ గ్లాసుల పక్కన పెట్టి చెప్పేదానివి నువ్వొక్కదానివే ఉంటావు.

యాభై అన్న అంకె చూడగానే నాకు మనసు నిలవలేదు. పేపర్ల కట్ట అవతలకి నెట్టి కూర్చున్నాను. విను.

మీ షెడ్డు ఈ రోజే మొదలైందనుకో. నాలుగో తొట్టి నీళ్ళు ఇంకా లేవు. నూరు పాళ్ళ బెరడు వేస్తే సగం సగంగా యాభై, ఇరవై ఐదు, పన్నెండున్నర, ఆరుంపావు వస్తాయి. ఆ ఆరుంపావు మర్నాడు మొదటి తొట్టిలో కలుస్తుంది. అప్పుడు తొట్టిలో ఉన్నది నూరు కాదు, నూట ఆరుంపావు. అందులో సగం యాభై మూడు. తర్వాత సుమారుగా ఇరవై ఏడు, పదమూడు. ఇవి నీ కొలతలే. నేను హస్తవాసి అని నవ్వేసి వదిలేసిన ఆ కాస్త ఎక్కువ ఉంది చూడు, అదంతా నాలుగో తొట్టి తెచ్చిపెట్టినదే. మిగతా మూడు తొట్ల పేరు మీద లెక్కకి వస్తోంది, అంతే.

ఇప్పుడు దాన్ని మూసేశారు. మొదటి తొట్టి యాభైకి దిగింది. రెండోది ఇరవై ఐదుకి, మూడోది పన్నెండున్నరకి దిగి ఉండాలి. మొత్తం ఎనభై ఏడున్నర. తొంభై మూడు ఎక్కడ, ఎనభై ఏడున్నర ఎక్కడ. బెరడు తప్పూ కాదు, వాన తప్పూ కాదు. ఉన్నా అంతే, లేకపోయినా అంతే అని రాశాను. ఆ వాక్యం మీద ఎర్ర సిరాతో నువ్వే గీత కొట్టు.

ఇప్పుడు నేను అడుగుతున్నాను. వరసగా జవాబులు రాయి.

మొదటి తొట్టికి రెండు డ్రమ్ములు కావాలన్నావు. ఇదివరకు వాటిలో ఒకటి నాలుగో తొట్టిది. ఇప్పుడు దాని బదులు ఏం పోస్తున్నారు?

నా లెక్క నిజమైతే, నాలుగు కడుగులయ్యాక మీరు పారేసిన బెరడులో ఇంకా ఏడు పాళ్ళు మిగిలి ఉండాలి. ఆ బెరడుని ఎప్పుడైనా పరీక్ష చేశావా?

అత్త ఏమైంది? సొంతూరు వెళ్ళిపోయిందా? పిలిస్తే రాగలిగినంత దూరంలోనే ఉందా?

ఇవన్నీ మీ మేనేజరుకి చెప్పాలి. కాగితం బల్ల మీద పెట్టి పారిపోవడం కాదు. నోటితో.

నీ వదిన

*

అక్టోబర్ 9

వదినకు,

మీ రెండు ఉత్తరాలూ అందాయి. మొదటిది అందినప్పుడు జవాబు రాయడం మొదలుపెట్టి చించేశాను. రెండోది వచ్చాక ఆ అవసరం లేకపోయింది.

మీరు అడిగిన వరసలోనే రాస్తాను.

నాలుగో తొట్టి డ్రమ్ము బదులు కొత్త స్పిరిట్ పోస్తున్నారు. మీరు అడిగాక స్టోరు గుమస్తా దగ్గరికి వెళ్ళి కనుక్కున్నాను. మూయకముందు మొదటి తొట్టికి ఒకటి, మిగతా మూడింటికి మూడు, మొత్తం నాలుగు కొత్త డ్రమ్ములు. ఇప్పుడు మొదటిదానికి రెండు, మిగతా రెండింటికి రెండు. ఇప్పుడూ నాలుగే. "మూసి మిగిల్చిందేం లేదమ్మా. ఆ ముసలావిడ గోల ఒక్కటే తగ్గింది," అన్నాడు. తర్వాత, "షెడ్డు బోసిపోయింది కూడా," అన్నాడు.

పారేసిన బెరడుని పరీక్ష చేశాను. మొదటి లెక్కప్పుడే చేశాను. ఏడు వచ్చింది. మీ ఉత్తరంలో మొత్తం నూరు అని చూశాక, ఇంకో ఏడు ఉండటానికి వీల్లేదు, నా పరీక్షే తప్పు అనుకున్నాను. ఆ సంగతి మీకు రాయలేదు. రాసి ఉంటే నూట ఏడు అయ్యేది. మీరు అప్పుడే పట్టుకునేవారు.

గురువారం మేనేజరు గదికి వెళ్ళాను. చెప్పాల్సినవి దారిలో మూడుసార్లు మనసులో చెప్పుకున్నాను. తలుపు తీయగానే అన్నీ పోయాయి.

"కూర్చోండి," అన్నారు. కూర్చున్నాను. ఆయన సంతకాలు పెట్టుకుంటూ ఉన్నారు. కాసేపటికి తలెత్తి, "ఏదైనా చెప్పడానికి వచ్చారా, మా ఫ్యాను గాలి బాగుందని వచ్చారా?" అన్నారు.

"మొదటి తొట్టి..." అన్నాను. అక్కడ ఆగిపోయింది.

ఆయన వెనక గోడకి నల్లబల్ల ఉంది. లేచి వెళ్ళి ఒక మూల తుడిచి, రెండు వరసలు రాశాను. పైన యాభై మూడు, ఇరవై ఏడు, పదమూడు. కింద యాభై, ఇరవై ఐదు, పన్నెండున్నర. ఒక్కో వరస చివర డ్రమ్ములు నాలుగు అని రాశాను. ఆయన కుర్చీ తిప్పుకుని చూశారు.

"కింది వరస ఇప్పటిదా?"

"అవునండీ. నిన్న మూడు తొట్లూ కొలిచాను."

"పైది?"

"నాలుగోది మూయకముందు."

"డ్రమ్ములు రెండింటికీ నాలుగేనా?"

"అవునండీ. స్టోరులో అడిగాను."

"మరి నూటికి నూరని ఇచ్చారే నాకు?"

"అది తప్పండీ. ఏడుని రెండుసార్లు కలిపాను. నాలుగో తొట్టి ఉన్నప్పుడు తొంభై మూడు. ఇప్పుడు ఎనభై ఏడున్నర."

అది చెప్పేసరికి గొంతు మామూలుగా వచ్చింది. ఎందుకో తెలియదు.

ఆయన మేస్త్రిని పిలిపించారు. మేస్త్రి బల్ల చూసి, "అది వాన తేమండీ, ఎండ వస్తే సర్దుకుంటుంది," అన్నాడు.

"తేమ వచ్చి సరిగ్గా సగానికి సగం లెక్క చూసుకుని పోతుందటయ్యా?" అన్నారు మేనేజరు. బెరడు పంపేవాళ్ళకి సరుకు మంచిది కాదని ఆయన ఘాటుగా ఉత్తరం రాశారట. ఇప్పుడు దాన్ని వెనక్కి తీసుకోవాలి. "నేను వాళ్ళని తిట్టకముందు చెప్పి ఉంటే బాగుండేది కదండీ," అన్నారు.

"నాకు తెలియలేదండీ. మా వదిన పట్టుకుంది."

"ఆవిడ ఏ ఫ్యాక్టరీలో?"

"స్కూల్లోనండీ. లెక్కలు చెబుతారు."

"అలాగా. ఈసారి ఆవిడ వచ్చినప్పుడు షెడ్డు చూపించండి. నాకూ ఏమైనా తప్పులుంటే చెబుతారు," అన్నారు. నవ్వలేదు, కానీ కోపంగా కూడా లేరు.

సోమవారం నుంచి నాలుగో తొట్టి మళ్ళీ నడుస్తుంది. అత్తనే పెట్టమని ఆయనే మేస్త్రికి చెప్పారు. నేను అడగాలని నోరు తెరిచాను, అంతలో ఆయనే అనేశారు. తెరిచిన నోటితో థాంక్సండీ అన్నాను.

సాయంత్రం అత్తకి చెప్పాను. "మళ్ళీ ఆ వాసనా నా ముఖాన," అంది. తర్వాత, "తొడుగులు నా కొలతవి ఉంచారా, ఆ పొడుగాటివాడికి ఇచ్చేశారా?" అని అడిగింది. ఉంచారని చెప్పాను. అప్పుడు, అసలు ఏం జరిగిందని అడిగింది. మీరు రాసినట్టే మొదటి రోజు నుంచి చెప్పాను. మధ్యలో రెండుసార్లు ఆవలించింది. చివరికి, "నా నీళ్ళు పోస్తేనే వాళ్ళకి యాభై మూడు అన్నమాట. ఆ మేస్త్రికి ఇది నువ్వే చెప్పాలి, నేను చెబితే నమ్మడు," అంది. చెప్పాను. నా చేత రెండుసార్లు చెప్పించింది.

అన్నయ్యకి టికెట్టు మళ్ళీ దొరికితే పద్దెనిమిదో తేదీకి రండి. స్టేషనుకి నేను వస్తాను. మొన్న రావద్దన్నది మీరు నచ్చక కాదు. ఈ ఆదివారం తర్వాత గదిలో చోటు ఉంటుంది.

మీ మూడో ప్రశ్న మిగిలింది. అత్త ఊరు వెళ్ళలేదు. కంపెనీ ఇచ్చిన గది ఉద్యోగంతోపాటే పోయింది. తొట్టి మూసిన రోజు నుంచి నా గదిలోనే ఉంటోంది.

మీ మరదలు